డబ్బులిచ్చి మరీ ఏటకెల్తారేటి బావూ?

బోస్టన్‌కి పైన ఓ గంట దూరంలో గ్లాస్టర్ అని పాత రేవు ఊరుంది. ఎండాకాలం శనివారం తెల్లారకుండానే అక్కడికెళ్తే కూలర్ బాక్సులు ఈడ్చుకుంటూ, రాడ్డులు భుజానేసుకుని జనం లైన్లో ఉంటారు. వీళ్ళలో చేపలమ్ముకుని బతికేవాడు ఒక్కడూ ఉండడు. ప్లంబర్లు, స్కూల్ టీచర్లు, రిటైరైన ముసలాళ్ళు, నాలాంటి ఐటీ వాళ్ళు. తలకింత అని టికెట్ కొనుక్కుని, పెద్ద బోటెక్కి, గంటన్నరో రెండు గంటలో లోపలికి పోయి సముద్రం అడుగున తిరిగే చేపలకి గేలం వేసి సాయంత్రానికి తిరిగొస్తారు. వీటినే పార్టీ బోట్లంటారు. బోటు మొత్తం మనమే మాట్లాడుకుంటే చార్టర్, అవి ఎక్కువగా ఆరుగురి వరకే. ఆరుగురు దాటి ఎక్కించుకునే బోటుకి మాత్రం అక్కడి కోస్ట్ గార్డ్ ఇన్‌స్పెక్షన్ చేసి సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. లైసెన్స్ గొడవ కూడా బోటు వాళ్ళదే, ఎక్కినోళ్ళం విడిగా తీసుకోనక్కర్లేదు.

మొన్న మే నెల్లో ఇంటికొచ్చినప్పుడు కళింగపట్నంలో మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నకి ఇదంతా చెప్పేను. చిన్నప్పట్నుంచీ ఆయన్ని మావయ్యా అనే పిలుస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఫైబర్ బోట్లన్నీ ఇసక మీదికి లాగేసి ఉన్నాయి, ఇంజన్లు విప్పి ఇళ్ళల్లో పెట్టేసుకున్నారు, వలలు బాగుచేసుకోడం తప్ప పెద్ద పనేం లేదు, అందుకే నా సోది వినే ఓపిక ఆయనకుంది. ఫోన్లో వీడియో చూపించేసరికి ముందు నవ్వేడు. "డబ్బులిచ్చి మరీ ఏటకెల్తారేటి బావూ?" పక్కన వల కుడుతున్న ఇంకో పెద్దాయన తలెత్తకుండానే "ఆ డబ్బులేవో మాకిమ్మను, మేమే అట్టుకెల్తాం, కూడు కూడా ఎడతాం" అన్నాడు.

నవ్వు అయిపోయేక మావయ్య అడిగిన మొదటి ప్రశ్న ఏ చేప అని కాదు, ఎంత లోతు అని. రెండొందల యాభై అడుగులుంటాదని చెప్పేను. రెండు చేతులూ బారగా చాపి ఏదో లెక్కేసుకుని "నలభై బారలు పైమాటే" అన్నాడు. రెండో ప్రశ్న, అడుగున రాయా బురదా?

చూడండి, నేను ఆ బోట్లెక్కిన కొత్తలో ఎన్నాళ్ళకో గానీ నాకు తట్టని ప్రశ్న అది. గ్లాస్టర్, న్యూబరీపోర్ట్, పైన న్యూహాంప్‌షైర్ రేవుల నుంచి వెళ్ళే బోట్లు ఎక్కువగా జెఫ్రీస్ లెడ్జ్ అనే చోటికి పోతాయి, కొన్ని స్టెల్‌వాగన్ బ్యాంక్ వైపు. లెడ్జ్ అంటే నీళ్ళ కింద పొడుగ్గా పోయే మిట్ట, దాని మీద రాయీ గులకా, అంచు దిగితే లోతు. కెప్టెన్ అక్కడికెళ్ళగానే ఆగిపోడు. సౌండర్, అంటే నీళ్ళ కింద అడుగు ఎంత లోతో చూపించే మిషను, చూసుకుంటూ చుట్లు తిరుగుతాడు, గాలి ఎటు, పోటు ఎటు లాగుతోందో చూసుకుంటాడు, ఇంజన్ ఆపేస్తే బోటు దానంతటదే కొట్టుకుపోతూ సరిగ్గా ఆ అంచు మీద నుంచి పోవాలి, అదీ ఆయన పని. హారన్ కొడితే గేలాలు దింపాలి, మళ్ళీ కొడితే ఎత్తేయాలి, మధ్యలో ఎవడికీ సొంత తెలివితేటలు అక్కర్లేదు. నా ఉద్దేశంలో ఆ టికెట్ డబ్బులు చేపకి కాదు, కెప్టెన్ బుర్రలో ఉన్న సముద్రం అడుగుకి. చేప మాత్రమే కావాలంటే మార్కెట్లో ఇంతకంటే చవగ్గా దొరుకుతాది.

మరి మావయ్య బుర్రలోనూ అదే ఉంది కదా. జీపీఎస్‌లు రాకముందు వీళ్ళు లైట్‌హౌసూ వెనకాల కొండా ఏ వరసలోకొచ్చేయో చూసి చోటు గుర్తుపెట్టుకునేవారట. గేలం గుండు దింపి అడుగు చెప్పేసేవారట. "రాయైతే టక్కుమని చేతికి తెలిసిపోద్ది, బురదైతే దిగబడిపోతాది, ఎత్తినప్పుడు బరువుగా వస్తాది" అని వేళ్ళ మధ్య లేని దారాన్ని పట్టుకుని చూపించేడు. చూపుడువేలు మొదట్లో దారం కోసిన పాత గీతలు తెల్లగా కనపడుతున్నాయి. గ్లాస్టర్ బోటు మీద కళాసీ కుర్రాడు, వాళ్ళు మేట్ అంటారు, కొత్తవాళ్ళకి నేర్పేది కూడా అచ్చం ఇదే. గుండు అడుగుకి తగిలేదాకా వదులు, తగిలేక ఒక్క చుట్టు ఎత్తు, దారం మీద వేలు పెట్టుకో.

తేడా ఏంటంటే అక్కడ ఆ తెలివికి టికెట్ ఉంది. ఇక్కడ అదే తెలివున్నవాళ్ళు సగంమంది గుజరాత్ వెరావల్ పోయి ఎవరిదో ట్రాలర్ మీద జీతానికి కళాసీలుగా చేస్తున్నారు. 2018 నవంబర్లో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు అలా వెళ్ళినప్పుడే పాకిస్తాన్ వాళ్ళకి దొరికిపోయి 2020 జనవరి దాకా జైల్లో ఉన్నారు, గుర్తుందా? పొడవైన తీరం ఉంది మనకి, సరైన రేవు మాత్రం లేదు, పెద్ద బోటు పెట్టుకునే చోటు లేకే కదా ఈ వలసలు.

సరే చేపల సంగతికొద్దాం. పార్టీ బోటు మీద ముఖ్యంగా వచ్చేది హాడక్. పక్కన నల్లటి గీత, రెక్క పైన నల్లటి మచ్చ, ఎవరో బొటనవేలితో కాటుక అద్దినట్టు ఉంటాది. సముద్రపు గవ్వ మాంసం ఎర, కింద ముప్పావు కిలో దాకా సీసం లేదా ఇనప గుండు, పైన రెండు గేలాలు. హాడక్ మూతి మెత్తన, అది టిక్కు టిక్కుమని కొడుతుంటే మన గోదాట్లో లాగినట్టు గట్టిగా లాగేమంటే మూతి చిరిగి పోతాది. రాడ్డు మెల్లిగా ఎత్తి తిప్పుకుంటూ ఉండాలి. పొలాక్ అని ఇంకోటుంది, అది పడితే చెప్పక్కర్లేదు, దారం కిందకి లాక్కుపోయి పక్కనున్న నలుగురి దారాల్లో చుట్టేస్తాది, మేట్ పరిగెత్తుకొచ్చి ఎవడి గేలం ఎవడిదో విడదీస్తాడు. వెనక తట్టు మూలలో నిలబడితే ఈ చిక్కులు తక్కువ, ఆ మూలల కోసం జనం నాలుగింటికే వచ్చి కూర్చుంటారు. ఎండలు ముదిరితే డాగ్‌ఫిష్ అని చిన్న సొరలు గుంపులుగా దిగుతాయి. అవొచ్చేయంటే హారన్ కొట్టి చోటు మార్చేయడమే.

ఇక కాడ్ చేప. ఒకప్పుడు ఆ రాష్ట్రం మొత్తం దాని మీదే బతికింది, మాసాచుసెట్స్ అసెంబ్లీ హాల్లో 1784 నుంచీ చెక్కతో చేసిన కాడ్ బొమ్మ వేలాడదీసి ఉంటాది, నిజం. అంత పూజ చేసిన చేపనే ఊడ్చేసేరు. పైన కెనడా వాళ్ళు 1992లో కాడ్ వేట మూసేస్తే ముప్పైవేల మంది దాకా పని పోగొట్టుకున్నారు. ఈ బోట్లు తిరిగే సముద్రాన్ని గల్ఫ్ ఆఫ్ మెయిన్ అంటారు, అక్కడ 2014 నవంబర్లో ఎమర్జెన్సీ రూల్స్ పెట్టేరు, 2015లో మాలాంటి సరదాగాళ్ళు ఒక్క కాడ్ కూడా ఉంచుకోకూడదన్నారు. రూల్స్ ఏటేటా మారుతుంటాయి, ఏ చేప ఎన్ని, ఎన్ని అంగుళాలు, ఏ నెలలు అన్నీ. మేట్ దగ్గర కొలబద్ద ఉంటాది, అంగుళం తక్కువైనా వెనక్కే. వుల్ఫ్‌ఫిష్ అయితే ఎంత పెద్దదైనా ఉంచుకోడానికి లేదు, దాని పళ్ళు చూస్తే ఉంచుకోవాలనీ అనిపించదు.

మావయ్యకి ఈ కొలత వ్యవహారం అస్సలు నచ్చలేదు. "నలభై బారల నుంచి లాగేక ఇంకేటి బతుకుద్ది అది?" అన్నాడు. పాయింటే. అంత లోతు నుంచి గబగబా లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి కడుపు నోట్లోంచి బయటికొస్తాది, పైన వదిలేస్తే తేలుతూ ఉంటాది, పక్షులు పొడుచుకు తింటాయి. అందుకే ఇప్పుడు కొన్ని బోట్ల మీద బరువు కట్టి చేపని మళ్ళీ కిందికి దింపి వదిలే పరికరాలు వాడుతున్నారు. మన పద్ధతి అలా కాదు, రెండు నెలలు ఇంజన్ బోట్లన్నీ ఆపేయడమే, ఇంజన్ లేని తెప్పలకి మినహాయింపు. ఆ రెండు నెలలకీ ప్రభుత్వం ఇచ్చేది ఇంటికి ఇరవై వేలు, 2025 ఏప్రిల్లో మన బుడగట్లపాలెంలోనే మొదలెట్టేరు. ఏది మంచిదంటే నేనైతే మనదే అంటాను, లెక్క తేలిక, ఎవడి కొలబద్దా అక్కర్లేదు. కాపోతే రెండు నెలల తర్వాత చిన్న చేపని వదిలేయమని అడిగేవాడు లేడు, అదొక్కటే బాధ.

తిరుగు ప్రయాణంలో మేట్లు ఫిల్లెట్ కోస్తారు. మనిషి పేరున విడిగా పెట్టిన చేపలు, ఒకదాని వెంట ఒకటి, చెంప వెనక ఓ గాటు, వెన్ను వెంబడి ఒక్క పెట్టు, తిప్పి ఇంకో పెట్టు. తోలు మొత్తం తీయరు, ఏ చేపో పోల్చుకోడానికి రెండు చదరపు అంగుళాలైనా వదలాలని రూలు. తలా ముల్లూ సముద్రంలోకి, వెనకాల పక్షుల గోల. నేనెళ్ళి తలకాయలు నాకు కావాలంటే ఆ కుర్రాడు కత్తి ఆపి నా వంక చూసేడు. ఇవన్నీనా? ఇవన్నీ. ఈ ముక్క చెప్పేసరికి మాత్రం మావయ్య వాళ్ళావిడ లోపల్నుంచి "తలకాయలు పారేత్తారా! ఓలమ్మా" అంది. అక్కడి వాళ్ళ మీద ఆవిడకున్న గౌరవం అక్కడితో పోయినట్టే.

కళింగపట్నంలో ఇలాంటిది పెట్టొచ్చా అని మా ఫ్రెండ్ అడిగేడు, టూరిజం అనీ అదనీ. నాకు నమ్మకం లేదు. గ్లాస్టర్లో జెట్టీ మీంచి చెప్పుల కాళ్ళతో బోటెక్కేస్తాం. ఇక్కడ బీచ్ మీంచి బోటుని తోసి కెరటాలు దాటించాలి, అసలు ప్రమాదమంతా ఆ నాలుగైదు కెరటాల దగ్గరే, హైదరాబాద్ నుంచొచ్చిన ఫ్యామిలీని లైఫ్ జాకెట్ వేసి అందులోంచి తీసుకెళ్ళడం మాటలా? ముందు రేవు రావాలి. అదొస్తే టూరిస్టులు తర్వాత, వెరావల్ పోయినోళ్ళు ముందొస్తారు.

బోస్టన్ వైపున్న మన తెలుగువాళ్ళకి రెండు ముక్కలు. వాంతుల బిళ్ళ ముందురోజు రాత్రే వేసుకోండి, బోటెక్కేక వేసుకుంటే దండగ. మేట్‌కి టిప్ ఇవ్వకుండా దిగకండి, వాళ్ళ రోజు చాలావరకు దాని మీదే. హాడక్ వేపుడికి బానే ఉంటాది గానీ పులుసులో పెడితే పొరలు పొరలుగా విడిపోయి గరిటెకి రాదు. పులుసుకి కస్క్ పట్టుకోండి, రాళ్ళ మధ్య ఉండే గోధుమరంగు చేప, చూపుకి బాగోదు, ముక్క మాత్రం గట్టిగా నిలబడతాది, చింతపండు పులుసులో రెండోరోజు ఇంకా బాగుంటాది. బోటు మీద చాలామంది దాన్ని లెక్కచెయ్యరు. పక్కోడు వద్దనుకుంటే ఉంచుకోవచ్చో లేదో మేట్‌ని ఓసారి అడిగి, మొహమాటపడకుండా మీ కూలర్లో వేసేసుకోండి, తలతో సహా.