‘వారు వచ్చారు’ అనే మర్యాద
తెలుగులో సర్వనామమే కాదు, క్రియ కూడా లింగాన్ని బయటపెడుతుంది. అయినా ‘వచ్చాడు’, ‘వచ్చింది’ రెండూ తమకు సరిపడవని చెప్పినవారి గురించి ‘వారు వచ్చారు’ అనడానికి మన వ్యాకరణం ఏనాడో చోటిచ్చింది. పెద్దలకూ అధికారులకూ అలవాటుగా ఇచ్చే ఆ గౌరవ బహువచనాన్ని, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల దగ్గరికి వచ్చేసరికి ‘అది’గా దించేయడం నన్ను ఎంతో బాధిస్తుంది. లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టు 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) వేసిన కేసు తీర్పులో స్పష్టం చేసింది. హిజ్రాలను నేరస్తుల్లా చూసిన నిజాం కాలం నాటి చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. అయితే ‘వారు’ అందరికీ రుద్దవలసిన మాట కాదు, ట్రాన్స్ మహిళ ‘ఆమె’ అనిపించుకోవాలనుకుంటే అలా అనడమే గౌరవం. తెలియనప్పుడు, “మీ గురించి చెప్పేటప్పుడు ఏమనమంటారు?” అని నలుగురిలో కాకుండా విడిగా అడిగి, వారు లేనిచోట కూడా ఆ మాటనే వాడాలి.