నాన్న పాట

పొద్దున చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు మెట్స్ పాట, 'మీట్ ద మెట్స్' కూనిరాగం తీస్తున్నాను. ఈయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "అదేం పాట, టికెట్లమ్ముకునే యాడ్" అన్నారు. అంతే, రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. తనేమో స్నానం చేస్తూ నిర్మా యాడ్ మొదలు నుంచి చివరిదాకా పాడతారు. అది మాత్రం చిన్ననాటి జ్ఞాపకం! నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా? విజయవాడలో పెరిగినవాళ్ళకేనా బాల్యం, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో పెరిగినవాళ్ళకి ఉండదా?

యాడని నాకు తెలియక కాదు. 1962లో జట్టు ఆడటం మొదలుపెడితే, ఆ మరుసటి ఏడాదే విడుదల చేసిన పాట అది. జనాన్ని స్టేడియానికి రప్పించడానికే. కానీ మా ఇంట్లో అది నాన్న పాట. ఆట ఉన్న రోజు అన్నం తినేటప్పుడు పక్కన ట్రాన్సిస్టర్ ఉండాల్సిందే. బ్యాటరీ మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు చుట్టి పెట్టుకున్నారు. పాట రాగానే ఎడమచేత్తో స్టీలు కంచం అంచు మీద తాళం. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియని మనిషి, రేడియోలో మెట్స్ వ్యాఖ్యాత బాబ్ మర్ఫీ మాటలు వినీ వినీ బేస్‌బాల్ నేర్చుకున్నారు. "పప్పు చల్లారిపోతోందండీ" అని అమ్మ ఎన్నిసార్లన్నా వినిపించేది కాదు.

రాస్తుంటే అనిపిస్తోంది, ఈయన మాటలో కొంత నిజం లేకపోలేదు. 1980లో మెట్స్ వాళ్ళు 'ద మ్యాజిక్ ఈజ్ బ్యాక్' (మ్యాజిక్ మళ్ళీ వచ్చేసింది) అని ఊదరగొట్టారు. ఆ ఏడాది ఓడినవి 95 ఆటలు. అమ్మకపు మాట కాకపోతే ఏమిటది? అయినా నాన్న ఆ మాటని మా ఇంటికి తెచ్చేసుకున్నారు. అమ్మమ్మకి వీసా వచ్చిన రోజు గుమ్మంలోంచే కేకేశారు: "ఏమోయ్, మ్యాజిక్ వచ్చేసింది!" ఆ కేక ఏ యాడ్ కంపెనీ రాసిచ్చింది?

ఇక 1986 సంగతి ఈయనకి ఎలా చెప్పను? అక్టోబర్ 25, వరల్డ్ సిరీస్ ఫైనల్లో బోస్టన్‌తో ఆరో ఆట, పదో ఇన్నింగ్స్. మనవాళ్ళు రెండు పరుగులు వెనక, ఇంకొక్కరు ఔటైతే కప్పు బోస్టన్‌దే. అమ్మ టీవీ కట్టేసి పడుకోమంది. నాన్న కదల్లేదు. చివరికి బంతి బోస్టన్ ఆటగాడు బిల్ బక్నర్ కాళ్ళ మధ్య నుంచి దొర్లిపోయి మనవాళ్ళు ఆ ఆట గెలవగానే, మంచమెక్కి నిలబడి పాట మొత్తం పాడారు. పక్కింటివాళ్ళు గోడ బాదుతారని అమ్మ కంగారు. వాళ్ళు మాకన్నా గట్టిగా అరుస్తున్నారు.