పెనం మీద నీటిచుక్క

"అమ్మా, ఫామ్‌లో తెలుగు దగ్గర కూడా టిక్ పెట్టేశాను. ఇప్పుడెలా?"

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం రాత్రి మావాడు హాస్టల్ నుంచి చేసిన ఫోన్ ఇది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో రెండో ఏడు చదువుతున్నాడు. పేరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సే గానీ, బెంగళూరులో ఆటో ఎక్కి ఆ పేరు చెప్తే ఒక్కోసారి రెండుసార్లు చెప్పాలి, టాటా ఇన్‌స్టిట్యూట్ అంటే చాలు. జనవరిలో నాలుగో సెమిస్టర్ మొదలైంది. ఫిజిక్స్ మేజర్ తీసుకున్నాడు. మిడ్‌టర్మ్‌లు, ఉగాదికి ఒక్కపూట ఇంటికి రావడం, ఏప్రిల్‌లో సెమిస్టర్ పరీక్షలు, తర్వాత ఎండాకాలం ప్రాజెక్టు. ఇవన్నీ సంక్రాంతికి వచ్చినప్పుడే చెప్పేశాడు. ఓపెన్ డే సంగతి మాత్రం చివర్లో, చెప్పులేసుకుంటూ చెప్పాడు. "ఈసారి నేను కూడా టేబుల్ దగ్గర నిలబడతానమ్మా."

ఓపెన్ డే అంటే ఏడాదికి ఒక్క రోజు. ఫిబ్రవరి చివరో మార్చి మొదట్లోనో వచ్చే ఒక శనివారం ఆ క్యాంపస్ గేట్లు ఊరందరికీ తెరుస్తారు. టికెట్ లేదు, సిఫారసు అక్కర్లేదు. మిగతా రోజుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే గానీ లోపలికి వెళ్లలేని లేబొరేటరీల్లోకి ఆ రోజు పిల్లలూ ముసలివాళ్లూ నడుచుకుంటూ వెళ్లి, యంత్రాల పక్కన నిలబడి, "ఇది ఎందుకు?" అని అడగొచ్చు. చెప్పేది అక్కడి విద్యార్థులే. వచ్చేవాళ్లలో బడిపిల్లలు ఎక్కువ కాబట్టి ఎవరెవరు ఏ భాషల్లో చెప్పగలరో ముందుగా రాయించుకుంటున్నారట. మావాడు ఇంగ్లీషు, కన్నడ, హిందీ టిక్ పెట్టాడు. తెలుగు దగ్గర ఒక్క నిమిషం ఆగి, దానికీ పెట్టాడు.

ఆ ఒక్క నిమిషం నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

మాది చీరాల. పెళ్లయి బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రామమూర్తినగర్‌లో ఉంటాం. మా వీధిలో కూరలబండి అతనిది మదనపల్లె వైపు, ఇస్త్రీ చేసేవాళ్లది కుప్పం, పాలవాడితో తెలుగే, డాక్టరుగారితో తెలుగే. ఇంత తెలుగు మధ్య పెరిగే పిల్లాడికి తెలుగు ప్రత్యేకంగా నేర్పాలా అనుకున్నాను. మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. వారం వారం ముప్పై మైళ్లు కారు నడుపుకుంటూ కూతుర్ని తెలుగు క్లాసుకి తీసుకెళ్తుంటే, "అంత దూరంలో ఉన్నావు కాబట్టి నీకా తిప్పలు తప్పవు" అన్నాను. ఈరోజు ఆ పిల్ల గుణింతాలు గడగడా చదువుతుంది. తప్పు నాది. ఊరినిండా వినిపిస్తోంది కదా, అదే వస్తుందిలే అని వదిలేశాను.

ఇంకొకటి కూడా ఉంది. వాడు యూకేజీలో ఉన్నప్పుడు బళ్లో టీచరు మమ్మల్ని పిలిపించి, "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి, పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు" అంది. మా ఆయన వద్దన్నా నేనే భయపడ్డాను. రెండేళ్లు వాడితో నాకొచ్చిన ఇంగ్లీషులోనే మాట్లాడాను. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంత? కథలు చెప్పడం ఆపేశాను, ఎందుకంటే ఇంగ్లీషులో నాకు కథ చెప్పడం రాదు. ఆ రెండేళ్లకి ఇప్పటికీ బాధపడతాను.

ఫలితం ఏమిటంటే వాడికి తెలుగు వచ్చు. పెరుగు వెయ్యమంటాడు, పప్పులో ఉప్పు తగ్గిందంటాడు, అలుగుతాడు, బతిమాలతాడు. వాడికి బాగా తెలిసిన విషయం ఏదైనా తెలుగులో నాకు విడమరిచి చెప్పమంటే మాత్రం రెండో వాక్యం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిపోతాడు. వాళ్ల అమ్మమ్మతో ఫోన్ సంభాషణ రెండు నిమిషాలు దాటదు. "తిన్నావా నాన్నా?" "తిన్నా అమ్మమ్మా." "బాగా చదువుతున్నావా?" "ఆఁ, చదువుతున్నా." తర్వాత ఇద్దరూ నవ్వుకుని ఫోన్ నాకిస్తారు. ప్రేమ లేక కాదు, అటువైపు అడగడానికీ ఇటువైపు చెప్పడానికీ మాటల్లేక.

ఆ మరుసటి శనివారం ఇంటికి వచ్చాడు. వాడి టేబుల్ మీద చూపించేది ద్రవ నైట్రోజన్. మనం పీల్చే గాలిలో నూటికి డెబ్భై ఎనిమిది పాళ్లు ఉండే నైట్రోజనే, మైనస్ 196 డిగ్రీలకి చల్లబరిస్తే నీళ్లలా మారుతుందట. బంతిపువ్వుని అందులో ముంచి తీసి చేత్తో నలిపితే గాజులా పగిలిపోతుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కీ ఈ చల్లటి గాలుల వ్యవహారానికీ పాత బంధుత్వమే ఉందని చెప్పాడు. 1909లో అది ఏర్పడినప్పుడు మొదటి డైరెక్టర్ మోరిస్ ట్రావర్స్. ఆయన 1898లో లండన్‌లో విలియం రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి, ద్రవంగా మార్చిన గాలిలోంచి క్రిప్టాన్, నియాన్, జెనాన్ అనే మూడు వాయువుల్ని వేరుచేసి కనిపెట్టినవాడట. జంషెట్జీ టాటా సంకల్పం, మైసూరు రాజుగారిచ్చిన 371 ఎకరాలు నాకు తెలుసు గానీ ఈ ట్రావర్స్ సంగతి మావాడు చెప్తేనే తెలిసింది. అదీ సగం ఇంగ్లీషులోనే.

చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం తీసుకుని చూశాను. తెలుగు వాక్యాలు, కన్నడ అక్షరాలు. బళ్లో రెండో భాష కన్నడ కాబట్టి వాడి చేతికి ఆ లిపే వచ్చు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కదా, నేను చదివేశాను. 'క' మీద తలకట్టు దగ్గర ఆగి, "ఇక్కడ కన్నడంలో అడ్డంగా గీస్తావు చూడు, మనకైతే పైకి చిన్న మొలకలా విరుస్తాం" అని పెన్ను తీసుకుని రాసి చూపించాను. వాడు దాని కిందే పది 'క'లు రాశాడు. పందొమ్మిదేళ్ల పిల్లాడు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని 'క' దిద్దుతుంటే నేను లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

ఇక మాటల వేట. బ్రిటిల్‌కి ఏమంటారమ్మా? పెళుసు. పువ్వు పెళుసుబారుతుంది. "పెళుసు, పెళుసు" అని రెండుసార్లు అనుకున్నాడు, మాట నచ్చింది వాడికి. పాత్రలోంచి తెల్లగా పొర్లుతూ వచ్చేది పొగా, ఆవిరా? అది అసలు నైట్రోజనే కాదట, నైట్రోజన్ కంటికి కనపడదు, చుట్టూ ఉన్న గాలిలోని తేమ ఆ చలికి సన్నటి నీటిబొట్లుగా మారి అలా కనిపిస్తుందట. "అయితే పొగమంచు అను" అన్నాను. "డిసెంబర్‌లో పొద్దున్నే నోట్లోంచి వస్తుంది చూడు, అలాంటిదే అని చెప్పు." రాసుకున్నాడు, ఈసారి తెలుగక్షరాల్లో, మెల్లగా.

ఒక్కచోట ఇద్దరం ఆగిపోయాం. ద్రవ నైట్రోజన్ నేలమీద ఒలికితే తడిపెట్టదట. చిన్న చిన్న పూసల్లా అయి నేలంతా పరుగులు తీసి మాయమవుతుందట. ఎందుకలా అంటే వాడు చెప్పిన మాటల్లో నాకు ఒక్కటీ అర్థం కాలేదు. సరే, ముందు తిందాం అని దోసెలకి లేచాను. ఇనప పెనం పొయ్యి మీద పెట్టి, కాలిందో లేదో చూద్దామని రోజూ చేసినట్టే చెయ్యి తడిపి నాలుగు చుక్కలు చిలకరించాను. అవి సుయ్‌మని అక్కడికక్కడే ఇగిరిపోయాయి. ఇంకా కాలలేదు. కాసేపాగి మళ్లీ చిలకరించాను. ఈసారి చుక్కలు ముత్యాల్లా గుండ్రంగా అయి పెనమంతా గిరగిరా తిరిగాయి.

మావాడు కుర్చీలోంచి లేచి వచ్చి పెనం మీదికి వంగాడు. "అమ్మా, మళ్లీ చెయ్యి!"

మళ్లీ చేశాను. "ఇదే. నేను చెప్తున్నది ఇదే."

పెనం మరీ వేడిగా ఉంటే చుక్క తగలగానే దాని అడుగుభాగం ఆవిరై పల్చటి పొరలా పరుచుకుంటుంది. మిగతా చుక్క ఆ ఆవిరి పరుపు మీద తేలుతూ జారుతుంది, పెనానికి తగలదు కాబట్టి తొందరగా ఇగిరిపోదు. తక్కువ వేడిలో చుక్క వెంటనే పోతుంది, ఎక్కువ వేడిలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఇన్నేళ్లుగా కళ్ల ముందు జరుగుతున్నా ఈ తిరకాసు నేనెప్పుడూ గమనించలేదు. లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఇనప చెంచాని ఎర్రగా కాల్చి, దాని మీద నీటిచుక్క వేసి చూసి, 1756లో దీని గురించి రాశాడట. ఇదంతా వాడు తెలుగులోనే చెప్పాడు. పొయ్యి దగ్గర నిలబడి, పెనం చూపిస్తూ, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. చెప్పి, ఒక్క క్షణం ఆలోచించి, "అంటే మన కాలికి చల్లగా తగిలే గచ్చు నైట్రోజన్‌కి కాలిన పెనం లెక్క" అన్నాడు.

ఆ వాక్యం నేను నేర్పింది కాదు.

ఓపెన్ డే రోజు కె.ఆర్. పురంలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, యశ్వంత్‌పూర్‌లో దిగాను. అక్కడినుంచే జనం. రోడ్ల పక్క టబేబుయా చెట్లు గులాబీ రంగులో విరగబూసి ఉన్నాయి. ప్రధాన భవనం ముందు టాటా విగ్రహం దగ్గర ఫొటోలు దిగేవాళ్లు, చంకలో బిడ్డలతో అమ్మలు, యూనిఫారం పిల్లల వరసలు. మావాడి టేబుల్ వెతుక్కోవడానికి గంట పట్టింది. కనపడితే కంగారు పడతాడని వెనకాల నిలబడ్డాను. కళ్లజోడు, మందపాటి గ్లవ్స్ వేసుకుని కన్నడంలో చెప్తున్నాడు, బాగా చెప్తున్నాడు.

మధ్యాహ్నం హిందూపురం నుంచి వచ్చిన బడిపిల్లలు చేరారు. "తెలుగులో చెప్పన్నా" అన్నారు ఎవరో. వాడు గొంతు సవరించుకున్నాడు. మొదటి రెండు వాక్యాలు కాగితంలో ఉన్నట్టే అప్పజెప్పాడు. పువ్వు పగిలేసరికి పిల్లలు కేకలు పెట్టారు. ఒక చిన్న పాప, ఆరో తరగతి ఉంటుందేమో, నేలమీద రాలిన ముక్కల్ని చూస్తూ అడిగింది. "అన్నా, ఎండలో పెడితే ఆ పువ్వు మళ్లా బతుకుతాదా?"

ఇది కాగితంలో లేదు. మావాడు వంగి కూర్చున్నాడు. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా? టమాటా ఎప్పుడైనా గడ్డకట్టిందా? బయటపెడితే ఏమవుతుంది?" "మెత్తగా అయిపోతాది." "ఆఁ. దాని లోపల నీళ్లుంటాయి. అవి గడ్డకట్టినప్పుడు మంచు ముక్కలు సూదుల్లా పొడుచుకొచ్చి లోపలి గోడల్ని చీల్చేస్తాయి. మంచు కరిగినా ఆ గోడలు అతుక్కోవు. పువ్వైనా అంతే." పాప తల ఊపింది. "పాపం" అంది. వాడు కూడా "పాపం" అన్నాడు.

సాయంత్రం ఐదున్నరకి చెట్టు కింద కూర్చుని నేను తెచ్చిన పులిహోర తింటూ, వాడంతట వాడే జేబులోంచి ఫోన్ తీసి చీరాల కలిపాడు. స్పీకర్ పెట్టాడు. "తిన్నావా నాన్నా?" అంది అమ్మ. "తింటున్నా అమ్మమ్మా, ఇవాళ ఏం చేశానో చెప్తాను విను" అని మొదలుపెట్టాడు. గాలి నీళ్లయిన సంగతి, పువ్వు, పెనం, హిందూపురం పాప. అమ్మ మధ్యమధ్యలో "ఊఁ" అంటోంది. నేను పులిహోర డబ్బా పట్టుకుని అలాగే కూర్చున్నాను. పదిహేను నిమిషాలైంది, ఇరవై అయింది.

"అయితే నాన్నా, అది గదిలో పెట్టినా కాగుతూనే ఉంటుందన్నమాట. మరి ఆ పాత్రకి మూత బిగిస్తే?"

వాడు నా వైపు చూసి కళ్లు పెద్దవి చేశాడు. "అమ్మమ్మా, అది ఎవరూ అడగలేదు ఇవాళ! మూత బిగించకూడదు. గ్యాసైతే దాదాపు ఏడు వందల రెట్లవుతుంది, పాత్ర పేలిపోతుంది."

"అదే అనుకున్నాను. కుక్కరుకి ఈల లేకపోతే అంతేగా" అంది మా అమ్మ. "ఆగు, మీ తాతయ్యని కూడా పిలుస్తాను. మళ్లీ మొదట్నుంచి చెప్పు."