పిట్టల డాక్టరు అడిగిన ప్రశ్న

మా ఇంట్లో ఫించ్ పిట్టలు చనిపోవడం 2021 నవంబరు వానల తర్వాత మొదలైంది. నా దగ్గు అంతకు చాలా ముందు నుంచే ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడాలని ఎవరికీ తోచలేదు. పిట్టల చావుకు పిట్టల కారణాలు వెతికాం, నా దగ్గుకు మనుషుల కారణాలు వెతికాం.

మేముండేది తిరుపతి బైరాగిపట్టెడలో, మూడో అంతస్తులో. హైస్కూలు పిల్లలకు ఇంట్లోనే లెక్కలు చెబుతాను. లాక్‌డౌన్ రోజుల్లో వంటింటి వెనక ఉన్న చిన్న బాల్కనీకి మా ఆయన జాలీ బిగించి పంజరం పెట్టించారు. జీబ్రా ఫించ్‌లు. నారింజ రంగు ముక్కు, మగదానికి బుగ్గల మీద కూడా అదే రంగు. ఒక్కొక్కటి పదిహేను గ్రాములైనా ఉండదు. ఇవి ఆస్ట్రేలియా జాతి కాబట్టి పెంచుకోవచ్చు. మన చేలలో తిరిగే మునియా పిట్టలను పట్టి పంజరంలో పెడితే మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. సంతల్లో వాటికి రంగులు పూసి అమ్మేవాళ్ళుంటారు, కొనకండి.

రోజూ పొద్దున పదింటి ప్రాంతంలో పంజరం అడుగు తట్ట దులిపి, పాత పేపరు తీసి కొత్తది పరచడం నా పని. సాయంత్రం ట్యూషన్ పిల్లలు వచ్చే వేళకు ఒళ్ళు వెచ్చబడి సన్నగా వణుకు పుట్టేది. ఛాతీ బిగబట్టినట్టు ఉండేది, తర్వాత పొడిదగ్గు. రాత్రికి నెమ్మదించేది. ఆ ఏడాది దగ్గిన ప్రతి మనిషికీ ఒకటే పేరు కదా, కోవిడ్. పరీక్ష చేస్తే లేదని వచ్చింది. ఎప్పుడో తెలియకుండా వచ్చి పోయి ఉంటుంది, ఇది దాని తోక అన్నారు. మేము మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఆస్తమా అని ఇన్‌హేలర్ రాశారు. దానితో పెద్దగా ఒరిగిందేమీ లేదు. క్షయ అనుమానంతో కళ్లె పరీక్ష చేయించారు, అదీ లేదు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

దసరాకు మదనపల్లెలో మా అక్క ఇంటికి వెళ్ళినప్పుడు దగ్గు చాలావరకు తగ్గింది. ఆ ఊరి చల్లదనం పడిందిలే అని అక్క సంతోషపడింది. తిరుపతికి తిరిగి వచ్చాక మళ్ళీ మొదలైంది. ఇక్కడి ఉక్క, దుమ్ము, వాహనాల పొగ అని మా ఆయన తేల్చేశారు. ఈలోపు నేను చిక్కిపోయాను. పక్కింటావిడ ఏం తింటున్నావో చెప్పమని అడిగింది. లిఫ్టు పనిచేయని రోజున రెండో అంతస్తులో ఆగి, ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నట్టు నిలబడేదాన్ని. ఆయాసం వస్తోందని చెబితే ట్యూషన్లు మానేయమంటారని భయం.

నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన ఇక్కడివాళ్ళు మరచిపోలేరు. వీధులు కాలవలయ్యాయి, కింది అంతస్తుల్లో మోకాలి లోతు నీళ్ళు. మాకు నీళ్ళు ఎక్కలేదు గాని ఆ నెలంతా కిటికీలు మూసే ఉంచాం. గోడలు చెమ్మగిల్లాయి. బాల్కనీకి కూడా టార్పాలిన్ కట్టేశాం. అంటే పంజరంలో గాలీ ఇంట్లో గాలీ ఒకటే అయిపోయింది.

ముందుగా ఒక ఆడపిట్ట పోయింది. పొద్దున చూస్తే పంజరం అడుగున పడి ఉంది. ముందురోజు సాయంత్రం దాకా గింజలు తిన్నదే. పొట్ట ఉబ్బి కనిపించింది. పిట్టలు అమ్మిన అబ్బాయికి ఫోన్ చేస్తే గుడ్డు అడ్డం పడి ఉంటుందన్నాడు. అది నిజంగా జరిగే సంగతే. ఒంట్లో సున్నం చాలకపోతే గుడ్డు బయటికి రాక ఆడపిట్ట గంటల్లో పోతుంది. అందుకే మూలికల అంగట్లో సముద్రపు నురుగు పేరుతో అమ్మే కటిల్ చేప ఎముకను పంజరానికి కడతారు. మేమూ కట్టాం. ఆ పిట్టను పూలకుండీలో పూడ్చాం. దాని కారణం ఇప్పటికీ తేలలేదు, ఇక తేలదు.

తర్వాత ఒక మగపిట్ట. మరుసటి వారం ఇంకొకటి. ఇక ఇంట్లో తలా ఒక మాట. మా అత్తగారు దిష్టి అన్నారు. మా ఆయన రాత్రి పిల్లి వచ్చి బెదిరించి ఉంటుందన్నారు. చీకట్లో బెదిరిన ఫించ్‌లు పంజరం కమ్మీలకు కొట్టుకుని చచ్చిపోవడం ఉన్నదే, దీపావళి టపాసులకూ అలా పోతాయి. నాకు దోమల చుట్ట మీద అనుమానం. పిట్ట ఊపిరితిత్తులకు ముందూ వెనకా గాలి సంచులు ఉంటాయి. గాలి వాటిలోకి వెళ్ళి ఊపిరితిత్తుల గుండా ఒకే దిక్కుకు సాగుతుంది కాబట్టి ఊపిరి తీసినప్పుడూ వదిలినప్పుడూ కూడా ప్రాణవాయువు అందుతుంది. ఎగరడానికి ఆ ఏర్పాటు. విషపు గాలి కూడా అంతే సమర్థంగా లోపలికి పోతుంది. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పొయ్యి మీద మాడిపోతే వంటింటి పక్క గదిలోని పిట్టలు నిమిషాల్లో చచ్చిపోగలవు. మా ఇంట్లో ఇనుప పెనమే కాబట్టి ఆ నేరం దాని మీద పడలేదు. విషవాయువును పసిగట్టడానికి బొగ్గు గనుల్లోకి కానరీ పిట్టలను పట్టుకెళ్ళేవారని పాఠాల్లో చెబుతాం కదా, బ్రిటన్‌లో ఆ వాడుక 1986 దాకా ఉంది.

ఆకలి సంగతి కూడా ఆలోచించాం. ఫించ్ గింజను ఒలిచి తిని పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. పైకి చూస్తే గిన్నె నిండుగా ఉంటుంది, ఊదితే అంతా పొట్టే. అంత చిన్న ప్రాణి ఒక్కరోజు పస్తుకే ప్రమాదంలో పడుతుంది. నాకు రోజూ గిన్నె ఊదే అలవాటుంది. ఆ ఊదడం నాకేం చేస్తోందో అప్పుడు ఎవరికి తెలుసు.

నాలుగోది పోయినప్పుడు మా ఆయన పట్టుబట్టి పశువైద్య కళాశాలకు తీసుకెళదామన్నారు. మన ఊళ్ళో 1955 నుంచి ఆ కళాశాల ఉంది, అయినా పిట్టకు శవపరీక్ష చేయించవచ్చన్న ఊహే మాకు అంతకు ముందు రాలేదు. ఫోన్ చేసి అడిగితే, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే లోపలి కండ పాడై ఏమీ తెలియదు అన్నారు. పెరుగు గిన్నె పక్కన చచ్చిన పిట్ట ఉందని తెలిసి మా అత్తగారు ఆ రాత్రి భోజనం మానేశారు. పెరుగు ఒక్కటే కాదు, మొత్తం భోజనం.

అక్కడి డాక్టరుగారు కోసి చూపించారు. ఊపిరితిత్తుల మీద, గాలి సంచుల పొరల మీద తెల్లగా, పసుపుగా చిన్న చిన్న బుడిపెలు. బూజు. ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రం. గింజలు ఎక్కడ పెడతారని అడిగారు. కొర్రలు బస్తాగా కొని బాల్కనీ మూల పెట్టేవాళ్ళం. ఇంటికొచ్చి చూస్తే పైన పొడిగానే ఉంది. చెయ్యి అడుగుదాకా పోనిస్తే వెచ్చగా, ముక్కిన వాసన.

“హఠాత్తుగా పోయిందండీ, నిన్నటిదాకా బాగానే ఉంది” అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “నిన్నటిదాకా బాగున్నట్టు కనిపించింది. నీరసంగా ఉన్నదాన్ని డేగ ముందు పట్టుకుంటుంది అమ్మా, అందుకని చిన్న పిట్టలు జబ్బును దాచుకుంటాయి. చివరి రోజు వరకు తింటున్నట్టు ముక్కుతో గింజలు కెలుకుతాయి. ఊపిరి తీసేటప్పుడు తోక కిందికీ మీదికీ ఆడుతోందా, నోరు తెరుస్తోందా, రాత్రి చెవి పెట్టి వింటే టిక్ టిక్ అంటోందా, అవి చూడాలి. టిక్ టిక్ అంటే గాలి సంచుల్లో మైట్లు అనే సన్నటి పురుగులు కూడా కావచ్చు, దానికి మందుంది.”

ఆయన ఇదంతా చెబుతుండగా నేను దగ్గుతూనే ఉన్నాను. చెప్పడం ఆపి, “ఈ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?” అని అడిగారు. చెప్పాను. “పంజరం కడిగేది మీరేనా? మీ డాక్టరుకు ఇంట్లో పిట్టలున్నాయని చెప్పారా?”

చెప్పలేదు. అడిగినవాళ్ళూ లేరు.

ఊపిరితిత్తుల నిపుణురాలి దగ్గర మొదటి మాటగా అదే చెప్పాను. ఆమె కలం పక్కన పెట్టి, వణుకు ఏ వేళకు వస్తుందో, తట్ట ఏ వేళకు దులుపుతానో, మదనపల్లెలో ఎలా ఉందో వరసగా రాబట్టారు. దులిపిన నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య జ్వరం రావడం, ఊరు మారితే తగ్గడం, ఆ రెండూ చాలు నాకు దారి చూపడానికి అన్నారు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి పెద్దగా ఊపిరి తీయమన్నారు. చిటపట వినిపిస్తోందట. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులు మంచు పట్టిన అద్దంలా మసకగా ఉన్నాయి, అక్కడక్కడ గాలి బయటికి రాక చిక్కుకుపోయిన చోట్లున్నాయి. ఊదించిన పరీక్షలో ఊపిరి నిండా పట్టడం లేదని తేలింది. పెట్టిన పేరు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పిట్టలవాళ్ళ విషయంలో దీన్ని పక్షి పెంపకందారుల ఊపిరితిత్తి జబ్బు అంటారు.

ఇది అంటువ్యాధి కాదు. ఎండిన రెట్టలోని, ఈకల నూగులోని ప్రొటీన్లు పొడిగా లేచి ఊపిరితో లోపలికి పోతాయి, కొందరి ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటి మీద యుద్ధానికి దిగుతుంది. ఆ యుద్ధమే జబ్బు. అదే బాల్కనీలో కాఫీ తాగే మా ఆయనకు ఏమీ కాలేదు. పావురాల వల్ల ఎక్కువగా వింటాం గాని చిన్న పిట్టలతోనూ వస్తుంది. బూజు వల్ల కూడా ఇదే జబ్బు రావచ్చు కాబట్టి ఆ కొర్రల బస్తా పాత్ర ఎంతో విడదీయలేమన్నారు. దగ్గు వానలకంటే ముందుది కనుక పిట్టల మీదే అనుమానం ఎక్కువ. చిలకల నుంచి వచ్చే సిట్టకోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వేరు, అది యాంటీబయాటిక్‌తో పోతుంది. నాకున్నది దానితో పోయేది కాదు.

“మొదటి మందు పిట్టలను పంపించడం. మాత్రలు దాని తర్వాతే” అన్నారామె.

మిగిలిన పిట్టలు చంద్రగిరి వైపు తోటలో ఆరుబయట పక్షిశాల ఉన్న మా ఆయన స్నేహితుడి దగ్గరికి వెళ్ళాయి, కొన్నాళ్ళు వేరుగా ఉంచి చూడాలన్న షరతుతో. నేను వీడ్కోలు చెప్పలేదు, ఆ బాల్కనీలోకి నన్ను రానివ్వలేదు. మా ఆయన మాస్కు కట్టుకుని గోడలన్నీ తడిగుడ్డతో తుడిచారు, చీపురు మాత్రం వాడలేదు. పిట్టలను పంపేశాక కూడా వాటి పొడి ఇంట్లో నెలల తరబడి ఉంటుందట. పరుపు ఎండలో వేశాం, తెరలు మార్చాం, ట్యూషన్ ముందుగదికి మారింది.

ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన వారంలోపే సాయంత్రపు జ్వరం పోయింది. ఆకలి మాత్రం రాక్షసుల ఆకలి. మొహం గుండ్రంగా ఉబ్బింది, రాత్రి నిద్ర లేదు, చక్కెర పెరిగింది. మంచి రంగు వచ్చావని పక్కింటావిడ మళ్ళీ మెచ్చుకుంది. ఆవిడకు నా జబ్బులన్నీ అందంగానే కనిపిస్తాయి. మాత్రలను హఠాత్తుగా ఆపకూడదు, నెలల మీద మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. తగ్గించిన ప్రతిసారీ దగ్గు తిరిగి వస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

ఊపిరి పరీక్ష అంకెలు మెల్లగా పెరిగాయి, పూర్తిగా పాతస్థితికి రాలేదు. కొంత మచ్చ మిగిలింది. ఇంకొన్నేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ మచ్చే ముదిరి ఆక్సిజన్ సిలిండర్ దాకా తెచ్చేదని డాక్టరు దాచకుండా చెప్పారు. ఆ తర్వాతి ఏడాది శ్రీవారి మెట్టు ఎక్కాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఇక్కడ 2,388. తక్కువున్న దారి ఎంచుకున్నానని మా ఆయన నవ్వారు. దారిపొడవునా ఆగుతూనే ఎక్కాను. ఈసారి ఫోను తీసి మాట్లాడుతున్నట్టు నటించలేదు, మెట్టు మీద కూర్చుని “ఆయాసంగా ఉంది, ఆగండి” అన్నాను.

మొన్న అమెరికా నుంచి మా అబ్బాయి ఖరీదైన బొంత ఒకటి తెచ్చాడు, దూదిలా తేలిగ్గా ఉంది. అట్ట మీద చదివితే లోపల నింపింది బాతు ఈకల నూగు. విప్పకుండానే డాక్టరుకు ఫోన్ చేశాను. ఇంట్లో ఎవరూ కప్పుకోవద్దన్నారు. వాడు చిన్నబుచ్చుకుని, తిరిగి తీసుకెళ్ళడానికి పెట్టెలో సగం చోటు దానికే పోతుందని సణుగుతున్నాడు. ఆ చోటులో వాడికి పెడదామనుకున్న ఆవకాయ సీసాలు ఇప్పుడు ఎక్కడ సర్దాలో తేలాలి.