గాదంకి లోయలో గాలి లెక్క

చంద్రగిరి దాటి చిత్తూరు దారి పట్టాక గాదంకికి ఎంతోసేపు పట్టకూడదు. పల్లెవెలుగు ఎక్కితే మాత్రం స్టేజీ స్టేజీకీ ఆగి ఓపిక తీస్తుంది. కిటికీలోంచి కొండలు చూస్తుంటే పై గాలుల్ని కొలిచే రాడార్‌కి ఈ లోయ ఎందుకు కుదిరిందో అర్థమవుతుంది: బయటి రేడియో రొదకు అవే అడ్డుగోడలు.

ఎంఎస్‌టీ (మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే గాలి పొరల్ని చూసే) రాడార్ అంటే తిరిగే పెద్ద గిన్నె అనుకుని వస్తారు చాలామంది. ఇక్కడ ఏదీ తిరగదు. 130 మీటర్ల చదరంలో 1024 యాగీ యాంటెన్నాలు (పాత టీవీ యాంటెన్నాల్లాంటివి), అంతే. ఒక్కోదానికి పంపే తరంగం ఫేజు (ముందువెనకలు) మారిస్తే కిరణం వాలుతుంది. నడినెత్తి నుంచి 10 డిగ్రీలు వాల్చారనుకుందాం. గాలి సెకనుకు 20 మీటర్ల వేగంతో వీచినా కిరణం వెంట తెలిసేది మూడున్నర మీటర్లే; 53 మెగాహెర్ట్జ్ మీద అది 1.2 హెర్ట్జ్ డాప్లర్ మార్పు (గాలి కదలిక వల్ల తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీలో తేడా). నిలువు గాలిలో సెకనుకు 0.1 మీటరు తేడా వస్తే అడ్డగాలిలో 0.6 మీటరు తప్పు! అందుకే తూర్పు, పడమర కిరణాలు రెండూ పంపి తేడా తీస్తారు. కొండల నుంచి వచ్చే ప్రతిధ్వని స్పెక్ట్రంలో సున్నా దగ్గర నిటారుగా నిలబడుతుంది. గాలి మందగిస్తే అసలు సంకేతం అందులో కలిసిపోతుంది.

తెర ముందు నిలబడ్డ ఒకాయన అడిగారు: “గాలివేగం శాటిలైట్ ఎక్కువ చూపిస్తుంది, రాడార్ తక్కువ చూపిస్తుంది. ఎవరిది తప్పండీ?” ఈ ప్రశ్న ఎప్పుడు విన్నా నాకు చిరాకే. రెండూ ఒకే గాలిని చూశాయా అని ముందు అడగాలి కదా.

2019లో ఎగిరిన ఐకాన్ ఉపగ్రహంలోని మైటీ పరికరం ఆక్సిజన్ ఆకుపచ్చ వెలుగు (557.7 నానోమీటర్లు) డాప్లర్‌ను దిగంతం వైపు చూసి కొలిచేది. చూపు వెంట కొన్ని వందల కిలోమీటర్ల గాలి ఒక్క అంకెగా కలిసిపోతుంది. ఎంఎస్‌టీ కిరణం వెడల్పు 3 డిగ్రీలు. 80 కిలోమీటర్ల ఎత్తున నాలుగు కిలోమీటర్లు. పైగా మెసోస్ఫియర్ (సుమారు 50 నుంచి 85 కిలోమీటర్ల ఎత్తు పొర) ప్రతిధ్వనులు పగలే, అదీ అక్కడక్కడే. కాబట్టి 90 కిలోమీటర్ల పైన పోల్చాలంటే ఉల్కా రాడారే సరైన జోడి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అలాంటిది ఉంది. అది వందల కిలోమీటర్ల మేర ఉల్కల జాడలు ఏరి గంట సగటు ఇస్తుంది. తెల్లవారుజామున ఉల్కలు దండిగా దొరుకుతాయి, సాయంత్రం బాగా తగ్గుతాయి. సాయంత్రపు సగటును అంత గట్టిగా నమ్మకూడదు.

పోల్చేటప్పుడు నేనైతే రాడార్ గాలినే ఉపగ్రహపు చూపు దిశకు మారుస్తాను. మైటీ వేర్వేరు దిశల్లో చూసిన రెండు చూపులు కలిపి వెక్టర్ (గాలి వేగం, దిశ) కట్టేలోపు ఎనిమిది నిమిషాలు పోతాయి, రెండు పొరపాట్లూ కలుస్తాయి. సమయం గంటకు మించి తప్పనివ్వను. ఆ ఎత్తున రోజువారీ అలలు బలంగా ఉంటాయి, కొన్ని గంటల్లోనే గాలి దిశ తిరగబడుతుంది. రెండు కొలతల్నీ గ్రాఫ్ మీద పెట్టి గీత గీసేటప్పుడు కూడా జాగ్రత్త. మామూలు రిగ్రెషన్ అడ్డక్షం మీది కొలతలో తప్పే లేదనుకుంటుంది, దాంతో వాలు ఒకటి కంటే తగ్గుతుంది. రెండింట్లోనూ తప్పు ఉందని ఒప్పుకునే పద్ధతి వాడాలి. ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పరుగెడుతుంది కాబట్టి సున్నా గాలి గీతలో (గాలి లేనప్పుడు కనిపించాల్సిన డాప్లర్‌లో) వచ్చే స్థిరమైన జరుగుడును నెలల సగటుతో విడిగా తీయాలి, వాలుతో కలపకూడదు.