పాత సర్వే నంబర్లతో మిథైల్ గుర్తుల వెతుకులాట

ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు నేను ఎంచుకున్న విషయం శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల ఎలుక పిండ మూలకణాల్లోని ఎం6ఎ గుర్తులు. జన్యువులోని సమాచారాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్ళే సందేశ ఆర్‌ఎన్‌ఏలోని కొన్ని అడినిన్ అక్షరాలకు అతుక్కునే చిన్న మిథైల్ సమూహమే ఈ ఎం6ఎ. దీని ఉనికి 1974లోనే తెలిసినా, ఏ జన్యువు సందేశంలో ఎక్కడెక్కడ ఉందో పటం గీయడం 2012లో గాని సాధ్యపడలేదు. మూలకణాలను పెంచే వసతి మాకు లేదు కనుక, వేరే పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉంచిన పీక్‌ల (గుర్తు ఉన్నట్టు ప్రయోగంలో తేలిన చోట్ల) పట్టికను దించుకుని, అనంతపురం కమలానగర్‌లోని అద్దె గదిలో, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద పని మొదలుపెట్టాను.

పట్టికలో ఒక్కో పీక్‌కు క్రోమోజోమ్ సంఖ్య, మొదలు, చివర ఉంటాయి. వాటిని జన్యువుల జాబితాతో సరిచూసి, ఏ గుర్తు జన్యువులో ఏ భాగాన పడిందో లెక్కించాలి. నా గ్రాఫు బల్లపరుపుగా వచ్చింది. చాలా పీక్‌లు ఏ జన్యువులోనూ పడలేదు. ఏదో కొత్త సంగతి కనిపెట్టానని రెండు రోజులు మురిసిపోయిన మాట దాచను. గైడ్ మేడమ్ గ్రాఫు చూసి ఒకటే అడిగారు: "స్టాప్ కోడాన్ దగ్గర గుంపు ఏదమ్మా?" ప్రోటీన్ తయారీ ఇక్కడితో ఆపమని సందేశంలో చెప్పే సంకేతమే స్టాప్ కోడాన్. ఈ గుర్తులు దాని చుట్టుపక్కలే దట్టంగా ఉంటాయన్నది 2012 నుంచీ తెలిసిన విషయం, అది కనిపించలేదంటే తప్పు కణాలది కాదు, నాదే.

మూడు వారాలు నా ప్రోగ్రాములో తప్పు వెతికాను. చివరికి అది పట్టికతో వచ్చిన వివరాల ఫైలులో, ఒక్క పదంలో దొరికింది: ఎంఎం9. నేను వాడిన జన్యువుల జాబితా ఎంఎం10ది. ఎంఎం9 అనే 2007 నాటి ఎలుక జన్యుపటానికీ, ఎంఎం10 అనే 2011 చివర వచ్చిన పటానికీ మధ్య అనేక చోట్ల స్థానాలు వేల డీఎన్‌ఏ అక్షరాల మేర జరిగిపోయాయి. రీసర్వే అయ్యాక కూడా పాత సర్వే నంబరు పట్టుకుని మా నాన్న శనక్కాయ చేను కోసం కొత్త పటంలో వెతికినట్టే ఉంది నా పని.

లిఫ్ట్ఓవర్ అనే సాధనంతో స్థానాలను మార్చి మళ్ళీ గీస్తే, స్టాప్ కోడాన్ దగ్గర గ్రాఫు గోపురంలా లేచింది. వెంటనే నానోగ్ జన్యువును తెరిచి చూశాను. దాని మీదా పీక్ ఉంది. మూలకణాన్ని మూలకణంగా నిలిపి ఉంచే జన్యువుల్లో నానోగ్ ఒకటి. మిథైల్ గుర్తు పడిన సందేశం త్వరగా విచ్ఛిన్నమవుతుంది కాబట్టే కణం ఆ స్థితిని వదిలి ముందుకు సాగగలుగుతుంది. గుర్తు వేసే మెట్ల్3 ఎంజైము లేని మూలకణాల్లో నానోగ్ సందేశం ఎక్కువ సేపు నిలిచి, కణాలు తొలి స్థితిలోనే చిక్కుకుపోతాయి. ఆ ఎంజైము లేని ఎలుక పిండాలు గర్భాశయంలో నాటుకున్న కొద్ది రోజులకే నశిస్తాయి.

కొత్త పటంలో చోటు దొరకని కొన్ని పీక్‌లను దాచకుండా, విడిగా జాబితా రాసి ప్రాజెక్టు నివేదిక చివర జతచేశాను. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది.