చదివినంత మాత్రాన నమ్మకం వస్తుందా?

ఈ రోజు ప్రత్యేకంగా జరిగిందేమీ లేదు. పొద్దున్నంతా ఆఫీసు పనే, ఇంట్లో కూర్చునే చేసుకున్నాను. మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజ్ అయ్యాక మిత్రుడొచ్చి, నా దగ్గర తీసుకెళ్లిన ఖుర్ఆన్ అనువాదం తిరిగిచ్చాడు. వాడు దేవుడు లేడని వాదించే మనిషి కాదు. "ఉన్నాడని నాకెలా తెలుస్తుంది?" అని అడిగే రకం. పుస్తకం తనే అడిగి తీసుకున్నాడు, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవచ్చా అని కూడా ముందే అడిగాడు.

"మొత్తం చదివాను భాయ్. కొన్నిచోట్ల ఆగిపోయాను, కొన్నిచోట్ల విసుగొచ్చింది. నమ్మకం మాత్రం రాలేదు. నీకేమన్నా బాధగా ఉందా?" అన్నాడు.

లేదన్నాను. నిజంగానే లేదు. కానీ వాడు వెళ్లిపోయాక, చదివినంత మాత్రాన నమ్మకం వస్తుందా అనే ప్రశ్న నన్ను వదల్లేదు. "ఒక్కసారి చదివి చూడమనండి చాలు, ఎంతటి సంశయవాదైనా మారిపోతాడు" అని మనవాళ్లలో చాలామంది అంటారు. ఆ మాట అన్న ప్రతిసారీ, తర్వాతి కాలంలో రెండో ఖలీఫా అయిన హజ్రత్ ఉమర్ గారి కథ చెబుతారు. ఆ కథను నేనూ ప్రేమిస్తాను. అయితే దాన్ని సగమే చెబుతారనిపిస్తుంది.

సీరా గ్రంథాల్లో, అంటే ప్రవక్త జీవిత చరిత్రల్లో, ఉన్నది ఇదీ. ప్రవక్త (స) ప్రాణం తీస్తానని కత్తి పట్టుకుని బయల్దేరిన ఉమర్‌కి, నీ సొంత చెల్లెలే ఇస్లాం స్వీకరించింది, ముందు నీ ఇంటి సంగతి చూసుకో అని దారిలో ఒకాయన చెబుతాడు. ఉమర్ కోపంతో చెల్లెలు ఫాతిమా ఇంటికి వెళ్లి ఆమె భర్త సయీద్ మీద పడతాడు. అడ్డొచ్చిన చెల్లెలికి దెబ్బ తగిలి నెత్తురు కారుతుంది. ఆ నెత్తురు చూసి ఉమర్ ఆగిపోతాడు. అప్పుడు, ఇందాక మీరు చదువుతున్నదేదో ఇలా ఇవ్వమంటాడు. ముందు శుభ్రం చేసుకుని రా అంటుంది ఆమె. ఆ తర్వాతే ఖుర్ఆన్‌లోని తాహా సూరా (అధ్యాయం) ఆయతులు (వాక్యాలు) ఆయన చేతికొస్తాయి.

చేతికి ఆ రాతప్రతి వచ్చేసరికే ఉమర్ లోపల ఏదో విరిగింది. నెత్తురోడుతూ కూడా వెనక్కి తగ్గని చెల్లెలు ఎదురుగా ఉంది. తన చేత్తో తను చేసిన పనికి సిగ్గు ఉంది. ఆయతులు ఆ మనిషిని చేరాయి. అదే రోజు పొద్దున, కత్తి తీసుకోకముందు, అవే ఆయతులు ఆయనకిస్తే ఏం జరిగేదో ఎవరూ చెప్పలేరు.

అవే మాటలు విని మారనివాళ్లూ మక్కాలోనే ఉన్నారు. వలీద్ బిన్ ముగీరా భాష తెలిసిన మనిషి, కవిత్వం బాగోగులు పట్టగలవాడు. ఖుర్ఆన్ విని, ఇందులో ఏదో మాధుర్యం ఉందని ఒప్పుకున్నాడని రివాయతులు (పాత కథనాలు) చెబుతాయి. చివరికి బాగా ఆలోచించుకుని, ఇది పూర్వం నుంచీ వస్తున్న మంత్రవిద్య అన్నాడు. 74వ సూరాలో "ఆలోచించాడు, అంచనా వేశాడు" అంటూ వచ్చే ఆయతులు ఇతని గురించేనని వ్యాఖ్యాతల మాట. అరబ్బీ రాకనో, అనువాదం బాగోలేకనో మారలేదని ఇతని విషయంలో అనలేం కదా.

ఇక అబూ తాలిబ్. తమ్ముడి కొడుకు కాదు, సొంత కొడుకు అన్నంతగా ప్రవక్త (స)ను కాపాడిన పెదనాన్న. తన ఇంట్లో పెరిగిన మనిషి నోటి నుంచి వచ్చిన మాటలు ఏళ్ల తరబడి విన్నాడు. అయినా ఇస్లాం స్వీకరించకుండానే పోయాడని సున్నీ హదీసులు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) చెబుతాయి. షియా పండితులు ఈ మాట ఒప్పుకోరు, ఆయన విశ్వాసేనంటారు. సున్నీ వ్యాఖ్యానాల ప్రకారం 28వ సూరాలోని "నువ్వు ప్రేమించినవాళ్లకు నువ్వు హిదాయత్ (సన్మార్గం) ఇవ్వలేవు, అల్లాహ్ తాను కోరినవాళ్లకే ఇస్తాడు" అనే ఆయతు ఆ సందర్భంలోదే. ఇది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. సాక్షాత్తూ ప్రవక్తకే చెప్పిన మాట అది. మరి అనువాద ప్రతి ఒకటి చేతిలో పెట్టి ఫలితం కోసం ఎదురుచూసే హక్కు నాకెక్కడిది?

మధ్యలో ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. జుబైర్ బిన్ ముత్‌ఇమ్, ముస్లింలకూ మక్కావాళ్లకూ జరిగిన బద్ర్ యుద్ధం తర్వాత, ఖైదీల విషయం మాట్లాడటానికి మదీనా వచ్చాడు, అప్పటికి ముస్లిం కాదు. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజులో ప్రవక్త (స) తూర్ సూరా చదువుతుంటే విన్నాడు. "వీళ్లు ఏదీ లేకుండానే పుట్టుకొచ్చారా, లేక తమను తామే సృష్టించుకున్నారా?" అనే చోట తన గుండె ఎగిరిపోయినంత పనైందని తర్వాత ఆయనే చెప్పుకున్నట్టు బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. కానీ ఇస్లాం స్వీకరించడానికి ఆయనకు ఇంకా కొన్నేళ్లు పట్టింది. పడిన విత్తనం మొలకెత్తడానికి ఎంత కాలం పడుతుందో విన్నవాడికే తెలియదు.

మన కాలానికి దగ్గరగా వచ్చినా ఇంతే. యూదు కుటుంబంలో పుట్టి పత్రికా విలేఖరిగా తిరిగిన లియోపోల్డ్ వైస్ 1926లో బెర్లిన్‌లో ఇస్లాం స్వీకరించి ముహమ్మద్ అసద్ అయ్యాడు. రైల్లో ఎదురుగా కూర్చున్న సంపన్నుల ముఖాల్లో బాధ చూసి ఇంటికొచ్చాడట. బల్ల మీద తెరిచి ఉన్న ఖుర్ఆన్‌లో, ఇంకా ఇంకా కావాలనే ఆశ మిమ్మల్ని సమాధుల దాకా లాక్కెళ్లిందనే 102వ సూరా కనబడిందట. ఆయన అప్పటికే అరబ్బుల మధ్య చాలాకాలం బతికి వచ్చిన మనిషి. మరోవైపు ఆర్థర్ ఆర్బెరీ 1955లో ఖుర్ఆన్ మొత్తాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, అంత ప్రేమగా అనువదించిన పాశ్చాత్యుడు అరుదు, అయినా క్రైస్తవుడిగానే ఉండిపోయాడు. మన భాషలోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారూ ముస్లిం కాలేదు. ఒక్కో ఆయతు దగ్గర ఆగి, ఒక్కో మాటను తూకం వేసి రాసినవాళ్లు వీళ్లు. వీళ్లకన్నా శ్రద్ధగా చదివిన సంశయవాది ఎవరుంటారు?

సాయంత్రం కూర్చుని వాడి పెన్సిల్ గుర్తులు చూశాను. బఖరా సూరాలోనే ఎక్కువ. నాకది సహజంగానే తోచింది. కొత్తగా తెరిచినవాడికి ఏడు ఆయతుల ఫాతిహా ప్రార్థన అయిపోగానే 286 ఆయతుల సూరా ఎదురవుతుంది. అందులో విశ్వాసం ఉంది, వివాహం, విడాకులు, అప్పు పత్రం రాసుకునే పద్ధతి కూడా ఉన్నాయి. మొట్టమొదట అవతరించిన ఆయతులు చూడాలంటే 96వ సూరా దాకా పోవాలి. ఇరవై మూడేళ్లలో సందర్భాన్ని బట్టి వచ్చిన మాటలు ఇవి, వరస వేరు. దేవుడున్నాడని అంచెలంచెలుగా రుజువు చేసే పుస్తకం అనుకుని తెరిచినవాడు తికమకపడక ఏం చేస్తాడు? ఇది భయభక్తులు కలవాళ్లకు మార్గదర్శకం అని బఖరా రెండో ఆయతులోనే ఉంది. ఎవరైనా కొత్తగా చదువుతానంటే చివరి భాగంలో ఉన్న, మక్కాలో అవతరించిన చిన్న సూరాలతో, తర్వాత యూసుఫ్ సూరాతో మొదలుపెట్టమంటాను.

వాడి పెద్ద పెద్ద ప్రశ్నార్థకాలన్నీ ఒకే రకం చోట్ల ఉన్నాయి. పిండం ఎదుగుదల గురించి, విశ్వం విస్తరించడం గురించి, "సైన్సు ఇప్పుడు కనిపెట్టింది అప్పుడే చెప్పేశారు" అనే ఫుట్‌నోట్ల పక్కన. ఈ విషయంలో నేను వాడి పక్షమే. సైన్సు నిన్న చెప్పింది రేపు సవరించుకుంటుంది, అదే దాని పద్ధతి. దాని మీద ఈమాన్‌ను (విశ్వాసాన్ని) నిలబెడితే ఆ సవరణ రోజున ఈమాన్ కూడా ఊగుతుంది. 1111లో చనిపోయిన ఇమామ్ గజాలీ తన యవ్వనంలో కళ్లను, బుద్ధిని కూడా నమ్మలేని సంశయంలో పడి, దాన్నుంచి ఎలా బయటపడ్డాడో రాసుకున్నాడు. పేర్చిన రుజువులతో కాదు, అల్లాహ్ తన హృదయంలో వేసిన వెలుగుతో అన్నాడు. తర్కంలో ఆయనంతటివాడే అలా అన్నాక, ఫుట్‌నోట్లతో మనిషిని గెలవాలని ఎందుకంత ఆరాటం?

ఒక్క చోట మాత్రం ప్రశ్నార్థకం లేదు. బఖరా సూరా 260వ ఆయతు పక్కన రెండు నిలువు గీతలు, పెన్సిల్ గట్టిగా నొక్కి గీసినవి. చనిపోయినవాటిని ఎలా బతికిస్తావో చూపించమని ఇబ్రాహీం ప్రవక్త అడుగుతారు. నీకు నమ్మకం లేదా అని అల్లాహ్ అంటాడు. ఉంది, నా మనసు కుదుటపడటానికి అంటారాయన. ఆ అడిగినందుకు కోపం లేదు, శిక్ష లేదు. నాలుగు పక్షులతో జవాబు ఉంది. వాడు ఆ పక్కన ఏమీ రాయలేదు. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఉండిపోయాను.

అసలు కష్టమైన ప్రశ్న రెండో సూరా ఏడో ఆయతు దగ్గర, చిన్న అక్షరాల్లో రాశాడు. "హృదయాల మీద ముద్ర వేసింది ఆయనే అయితే నా తప్పేంటి?" ఇది కొత్త ప్రశ్న కాదు. మనిషి పనులకు మనిషే కర్త, లేకపోతే శిక్షలో న్యాయం ఎక్కడిదని పూర్వకాలపు ముఅతజిలా అనే వర్గం పండితులు వాదించారు. పనులను సృష్టించేది అల్లాహ్, వాటిని సంపాదించుకునేది, అంటే తనవిగా చేసుకునేది, మనిషి అని అష్అరీలనే మరో వర్గం పండితులు జవాబిచ్చారు. రెండోది వింటే వాడు ఒప్పుకోడు, నాకు తెలుసు. నా మనసు మాత్రం 61వ సూరా ఐదో ఆయతు దగ్గర ఆగుతుంది. వాళ్లు వంకరగా మళ్లినప్పుడు అల్లాహ్ వాళ్ల హృదయాలను వంకరగా మళ్లించాడని ఉంది అక్కడ. ముందు మనిషి అడుగు, తర్వాతే ముద్ర.

దీంతో వాడి ప్రశ్న పూర్తిగా తీరుతుందని అనుకోను. వచ్చేవారం వచ్చినప్పుడు మూడూ చెబుతాను, నేను ఎటు మొగ్గానో కూడా చెబుతాను. ఆ చిన్న అక్షరాలను చెరపను.